ఆస్పత్రి పేజీకీ ఇంటి పేజీకీ మధ్య

మా పెద్దదానికి నాలుగేళ్ళు నిండి ఐదు నడుస్తున్నప్పుడు నాకు రెండోసారి నెల తప్పింది. అప్పుడు మేము గాజువాక వెనకాల ఒక సందులో, రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయనకు స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. నేను అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. కడుపుతో ఉన్న మనిషికి ఆ వాసనలు మంచివి కావని మానేశాను. మానేసిన రోజు నుంచి మా పిల్ల ఆనందానికి హద్దు లేదు. తెల్లారగానే కంపెనీ బస్సు కోసం పరిగెత్తే అమ్మ ఇప్పుడు పగలంతా ఇంట్లోనే ఉంటోంది. ఎందుకుంటోందో దానికి తెలియదు. తనకోసమే అనుకుంది.

దానికి విషయం ఎలా చెప్పాలా అని నేనూ మా ఆయనా తెగ ఆలోచించాం. ఆ రోజుల్లోనే నగరంలో పుస్తకాల ఎగ్జిబిషన్ పెట్టారు. పిల్లల పుస్తకాల స్టాల్లో ఒక బొమ్మల పుస్తకం కనిపించింది. అట్టమీద ఒక చిన్నపిల్ల తల్లి పొట్టకు చెవి ఆనించి వింటోంది. స్టాల్లో ఉన్నాయన నా పొట్ట వైపూ, నా చెయ్యి పట్టుకుని ఉన్న పిల్ల వైపూ చూసి, "మీలాంటివాళ్ళ కోసమేనమ్మా ఇది. ఇప్పుడందరూ ఇదే కొంటున్నారు" అన్నాడు.

పుస్తకంలో ఉన్నది ఇంగ్లీషు. పేజీకి ఒకటో రెండో వాక్యాలు. నేను తెలుగులో చెప్పేదాన్ని. అమ్మ పొట్ట పెద్దదవుతుంది. పిల్ల తన పాత గౌన్లు పాప కోసం మడతపెడుతుంది. ఒకరోజు అమ్మానాన్నా కారెక్కి ఆస్పత్రికి వెళతారు, పిల్ల కిటికీలోంచి టాటా చెబుతుంది. పేజీ తిప్పగానే గుమ్మంలో అమ్మ, చేతుల్లో పాప. ఆ తర్వాత పిల్లకు ఉక్రోషం వస్తుంది, బల్ల కింద దాక్కుంటుంది. చివరికి అమ్మ ఒక చేత్తో పాపను ఎత్తుకుని, రెండో వైపు పిల్లను కూర్చోబెట్టుకుని, నా ఒడిలో ఇద్దరికీ చోటుంది అంటుంది. అంతే కథ.

మా పిల్ల మాత్రం ప్రతి బొమ్మ దగ్గరా ఆపేది. పాపకు వేరే గది, అందులో కటకటాల మంచం ఉన్న బొమ్మ దానికి అస్సలు నచ్చలేదు.

"పాపని ఒక్కదాన్నే ఎందుకు పడుకోబెట్టారు? ఏం తప్పు చేసింది?"

"ఏం చెయ్యలేదు. వాళ్ళ ఊళ్ళో అంతే."

"మన పాప మన మంచం మీదే పడుకుంటుంది కదా?"

"అవును. నీకూ నాకూ మధ్య."

కాసేపు ఆలోచించి, "మధ్యలో కాదు, గోడ వైపు" అంది.

మా అమ్మది పద్మనాభం దగ్గర పల్లెటూరు. నాన్న పోయాక ఒక బర్రెనూ కాస్త పొలాన్నీ చూసుకుంటూ అక్కడే ఉంటోంది. కడుపుతో ఉన్న కూతురికి కోడిగుడ్లూ ఆకుకూరలూ పట్టుకుని బస్సులో వచ్చేది. ఒకసారి మేమిద్దరం పుస్తకం ముందేసుకుని కూర్చుంటే గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏటి సదూతున్నావ్ గుంటకి?"

చెప్పాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"తమ్ముడొత్తాడని సెప్పడానికి పుస్తకం కావాలేటి? నువ్వు పుట్టినప్పుడు మీ అక్కని పిలిసి, ఇదుగో సూసుకో అని నిన్ను దాని ఒళ్ళో పెట్టీసినాను. అది సూసుకుంది. అంతే."

"అప్పటి రోజులు వేరమ్మా. ఇప్పుడు పిల్లలకు ముందే చెప్పాలి. లేకపోతే మనసు కష్టపెట్టుకుంటారు."

"సరే తల్లీ. సదువుకున్నోల్లు మీరు" అని గుడ్లు జాగ్రత్తగా గిన్నెలోకి తీసింది.

మేము రిహార్సలు కూడా వేసుకున్నాం. నేను సంచి పట్టుకుని మెట్లు దిగుతాను, పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని టాటా చెబుతుంది. నేను చీర చెంగులో దాని బొమ్మను చుట్టుకుని మళ్ళీ పైకి వస్తాను. అది తలుపు తీసి, ఎంత బావుందో అంటుంది. రోజూ సాయంత్రం ఇదే ఆట. ఒక్కో రోజు పొట్ట బరువుకి మెట్లెక్కలేక ఆయాసపడుతుంటే, "నిజంగా వెళ్ళినప్పుడు ఇంత లేటు చెయ్యకు" అనేది.

ఏడో నెల ఇంకా నిండలేదు. ఆ రోజు పిల్లను ప్లేస్కూలు ఆయాతో పంపి అన్నం వారుస్తున్నాను. తల పగిలిపోయేలా నొప్పి మొదలైంది. కళ్ళముందు గిన్నెలన్నీ రెండేసి కనిపించాయి. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. కింది వాటా ఆవిడ నా మొహం చూసి ఆటో పిలిచింది. గాజువాకలో డాక్టరమ్మ బీపీ చూసి, ఒక్క నిమిషం కూడా ఆగొద్దని నగరంలో పెద్దాస్పత్రికి పంపించేసింది. సాయంత్రానికి ఆపరేషన్ చేసి బాబును తీశారు. ప్లేస్కూలు నుంచి వచ్చేసరికి మా పిల్లకు ఇంటికి తాళం కనిపించింది. కిటికీ లేదు, టాటా లేదు.

బాబు అరచేతిలో పట్టేంత ఉన్నాడు. గాజు పెట్టెలో పెట్టారు. పెట్టెకున్న కంతలోంచి చెయ్యి పెట్టి వాడి పాదాన్ని ఒక వేలితో తాకనిచ్చేవారు. నా పాలు పిండి గిన్నెలో పోసిస్తే, సన్నటి గొట్టంలోంచి వాడికి పట్టేవారు. ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదన్నారు. కాస్త కోలుకున్నాడు అనుకునేసరికి ఇన్‌ఫెక్షన్ అన్నారు. డాక్టర్ని ఎప్పుడడిగినా, "ఇంకో వారం చూద్దామమ్మా" అనే జవాబు. నన్ను డిశ్చార్జి చేశాక కూడా ఆస్పత్రి వెనక సందులో ఒక గది తీసుకుని ఉండిపోయాను. మా ఆయన డ్యూటీకీ ఆస్పత్రికీ మధ్య తిరిగి తిరిగి, నిలబడే నిద్రపోయేవాడు.

మొదట్లో కొన్నాళ్ళు పిల్లను కింది వాటా ఆవిడ చూసింది. తర్వాత మా అమ్మ వచ్చింది. ఊడ్పుల కాలం, గాజువాకలో ఉండిపోవడానికి లేదు. "బర్రె నా సెయ్యి తప్ప ఇంకోల సెయ్యి పడితే పాలివ్వదు. పిల్లని నాతో తీసుకెల్తాను. నువ్వు ఆ నెత్తుటి గుడ్డుని సూసుకో" అని ఫోన్లో చెప్పి, గౌన్లూ బొమ్మా ఆ పుస్తకమూ సంచిలో సర్దుకుని తీసుకెళ్ళింది. అప్పుడూ నేను ఎదురుగా లేను.

మొదట్లో రోజూ ఫోన్లో మాట్లాడేది.

"అమ్మా, పుస్తకంలో అమ్మ వెంటనే వచ్చేసింది కదా?"

"నేనింకా పేజీ తిప్పలేదమ్మా" అన్నాను.

మర్నాడు ఫోను ఎత్తగానే, "తిప్పేశావా?"

"లేదమ్మా. బాబు ఇంకొంచెం లావు అవ్వాలి."

ఆ మర్నాడూ అదే. "ఇవాళ తిప్పావా?" ఒక వారం అడిగింది, రెండు వారాలు అడిగింది. ఆ తర్వాత అడగడం మానేసి, ఫోను తీసుకెళ్ళి బర్రె మూతి దగ్గర పెట్టి దాని శ్వాస వినిపించేది. ఆ తర్వాత అసలు ఫోను దగ్గరికే రాలేదు.

"పిలుత్తన్నానే, రానంతంది. ఎదురింటి పిల్లల్తో ఆడుకుంతంది" అంది మా అమ్మ. "పోన్లే, ఏడవకుండా ఉంది కదా. అదే సాలు."

నాకూ పోన్లే అనిపించింది. ఇద్దరు పిల్లల్లో ఒకరైనా క్షేమంగా, అన్నం తిని ఆడుకుంటున్నారన్న మాట విని ఆ రోజు కంటినిండా నిద్రపోయాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, ఆ నిద్ర తలుచుకున్నప్పుడే నాకు మనసు ఎక్కువ కష్టంగా ఉంటుంది.

పద్మనాభం ఎంత దూరం అని అడగొచ్చు. బస్సెక్కితే ఒక పూటలో వెళ్ళి రావచ్చు. కానీ పాల కోసం నర్సు ఏ క్షణాన పిలుస్తుందో తెలియదు, నేను లేని గంటలో వాడికి ఏమవుతుందోనని భయం. ఒకసారి మా ఆయనే దాన్ని తీసుకొచ్చాడు. పిల్లల్ని పైకి పంపేది లేదన్నాడు ఆస్పత్రి గేటు దగ్గర మనిషి. నేనే కిందికి దిగాను. అది కొంచెం నల్లబడింది, పొడుగు సాగింది. బెంచీ మీద కూర్చుని ఒళ్ళోకి తీసుకున్నాను. ఆపరేషన్ కుట్టు సలిపింది, అయినా గట్టిగా పట్టుకున్నాను. దాని ఒంటికి నా చిన్నప్పటి మా ఇంటి వాసన, పిడకల పొగ వాసన. ఇంకా నాలుగు మాటలైనా ఆడలేదు, పైనుంచి ఫోను. బాబు ఊపిరి తగ్గుతోంది, రండి అని. దాన్ని బెంచీ మీద దింపి లేచాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"ఎల్లు, అమ్మా. బాబు ఏడుత్తాడు" అంది.

అది ఆ యాస మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. నేను పుట్టి పెరిగిన యాస అది. చదువుకోవడానికి నగరానికి వచ్చాక, తోటి పిల్లలు నవ్వుతారని నా నోట్లోంచి తుడిచేసుకున్న యాస.

వానలు తగ్గి చలి మొదలయ్యాక బాబును ఇంటికి పంపించారు. జనాన్ని దగ్గరికి రానివ్వొద్దు, జలుబు దగ్గు ఉన్నవాళ్ళను అసలు రానివ్వొద్దు అని మరీ మరీ చెప్పారు. అక్కడ పద్మనాభంలో పిల్లకు దగ్గు. తగ్గేదాకా తేవద్దని నేనే అమ్మకు చెప్పాను. అలా ఇంకొన్నాళ్ళు గడిచాయి.

చివరికి ఒక ఆదివారం పొద్దున అమ్మ దాన్ని తీసుకుని వచ్చింది. పిల్ల లోపలికి వస్తూనే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. మంచం దగ్గరికి వచ్చి, మునివేళ్ళ మీద నిలబడి వాడి మొహంలోకి చూసింది.

"ఓలమ్మా! ఎంత సిన్నోడో!"

అందరం నవ్వాం. దాని కళ్ళల్లో వెలుగు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. వాడి వేళ్ళు లెక్కపెట్టింది. చెవులు చూసింది. వాడు ఆవులిస్తే చప్పట్లు కొట్టబోయి, నిద్ర లేస్తాడని మళ్ళీ చేతులు వెనక్కి పెట్టుకుంది. ఈర్ష్య అన్న మాటే లేదు. పుస్తకం అంతా దేనికోసం రాశారో ఆ కష్టం మాకు రానే లేదు.

నేను మంచం మీద చేరగిలబడి బాబును ఎడం చేతిలోకి తీసుకున్నాను. కుడి పక్క తొడ మీద తట్టి, "రా. ఇక్కడ నీకు చోటుంది" అన్నాను. ఎన్నిసార్లు చదివానో ఆ మాట. అది దగ్గరికి వచ్చింది, ఎక్కింది, ఒక్క క్షణం కూర్చుంది. మళ్ళీ మెల్లగా దిగిపోయింది.

"వద్దులే. ఆడికి ఇరుకవుద్ది" అంది.

బల్ల కింద దాక్కుని ఉంటే లాక్కొచ్చి ముద్దుపెట్టుకునేదాన్ని. ఏడిస్తే బుజ్జగించేదాన్ని. అది అంత మంచిగా, అంత పెద్దరికంగా దిగిపోతే ఏం చెయ్యాలో ఆ పుస్తకంలో లేదు, నాకూ తెలియలేదు.

సాయంత్రం మా అమ్మ బస్సుకి లేచింది. అమ్మ వెనకాలే పిల్లా లేచి చెప్పులు వేసుకుంటోంది.

"నువ్వెక్కడికే?" అన్నాడు మా ఆయన నవ్వుతూ.

"ఇంటికి."

అమ్మే చెప్పింది, "ఇదేనే నీ ఇల్లు. అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, తమ్ముడున్నాడు. నాను మల్లీ వత్తాను" అని. అంతే, పిల్ల అమ్మమ్మ చీర పట్టుకుని ఒకటే ఏడుపు. దాని ఏడుపుకి బాబు ఉలిక్కిపడి లేచి గుక్కపట్టాడు. పెదాలు నీలంగా మారాయి. వాడిని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతూ, "తీసుకెళ్ళమ్మా. ఒక్క వారం ఉండి వస్తుంది" అన్నాను. ఆ వారం మళ్ళీ బడులు తెరిచేదాకా సాగింది.

ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు ఇంటికి తెచ్చేశాం. ఏడవలేదు. మాట వింది. అప్పటి నుంచీ మాట వింటూనే ఉంది.

బాబుకి మూడేళ్ళు వచ్చాక, ఒకరోజు నేను వంటింట్లో చేపలు కడుగుతుంటే ముందుగదిలోంచి దాని గొంతు వినిపించింది. ఆ పాత పుస్తకం తీసి తమ్ముడికి చెబుతోంది. అప్పటికి అట్ట ఊడిపోయి, పేజీలకు టేపు వేసి ఉంది. కిటికీలో పిల్ల టాటా చెప్పేదాకా వచ్చింది. ఇక పేజీ తిప్పుతుంది, గుమ్మంలో అమ్మ వస్తుంది అనుకున్నాను. తిప్పలేదు. ఆ బొమ్మ మీదే చెయ్యి పెట్టి చెప్పుకుంటూ పోయింది.

"తర్వాత ఆ పాప వాళ్ళ అమ్మమ్మ ఇంటికి వెళ్ళింది. అక్కడ బర్రె ఉంది. దాని నాలిక గరుగ్గా ఉంటుంది. అమ్మమ్మ మడిలో దిగితే పాప గట్టుమీద కూర్చునేది. వాన వస్తే గోనెసంచి కప్పుకునేది. బస్సు ఆగినప్పుడల్లా పాప రోడ్డు మీదికి పరిగెత్తేది. అమ్మ దిగుతుందేమోనని. తర్వాత మానేసింది."

"ఎందుకు?" అన్నాడు వాడు.

"అమ్మమ్మ బెల్లం ముక్క పెట్టింది. అందుకని."

అప్పుడు పేజీ తిప్పింది. "ఇదిగో, అమ్మ వచ్చేసింది. నువ్వు వచ్చేశావు."

కుళాయి కింద చేతులు పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా వాడు ఇప్పటికీ ఆ పుస్తకంలో బర్రె ఉందనే అంటాడు. నేను లేదని చెప్పలేదు.

ఆ తర్వాత ఎగ్జిబిషన్ పెట్టినప్పుడల్లా పిల్లల స్టాళ్ళకు వెళ్ళాను. ఇప్పుడు అలాంటి పుస్తకాలు బోలెడున్నాయి. తెలుగులో కూడా వచ్చాయి. కొన్నిటిలో కవలలు, కొన్నిటిలో దత్తత తెచ్చుకున్న పాప. బొమ్మలు ముచ్చటగా ఉంటాయి. నేను నిలబడి అన్నీ తిరగేస్తాను. అన్నిటిలోనూ అమ్మ తర్వాతి పేజీలోనే ఇంటికి వచ్చేస్తుంది. ఆలస్యమైన అమ్మ ఒక్కదాంట్లోనూ లేదు. రాసినవాళ్ళ తప్పని అనను. నాలుగేళ్ళ పిల్లకు అది ముందే చెప్పి భయపెట్టమని ఎవరంటారు? అయినా వెతుకుతూనే ఉంటాను.

ఇప్పుడు మా పిల్ల ఏడో తరగతి. వాళ్ళిద్దరి పొందిక చూసి సందులో అందరూ ముచ్చటపడతారు. తమ్ముడికి లెక్కలు అదే చెబుతుంది, వాడి సైకిలు గొలుసు అదే ఎక్కిస్తుంది. వాడు నాతో పోట్లాడతాడు, అన్నం పళ్ళెం తోసేస్తాడు, నువ్వు చెడ్డదానివి అంటాడు, మళ్ళీ గంటకే వచ్చి మీద పడతాడు. అది ఒక్కనాడూ ఎదురు చెప్పదు. కావాలని ఏదీ అడగదు. "మీ అమ్మాయి ఎంత బుద్ధిమంతురాలో" అంటారు ఇరుగుపొరుగువాళ్ళు. నేను నవ్వి ఊరుకుంటాను. సొంత కూతురు మనతో చుట్టపుచూపుగా, మర్యాదగా ఉంటే ఎలా ఉంటుందో ఎవరికని చెప్పను?

మొన్న వేసవిలో ఒక సాయంత్రం బెండకాయలు తరుగుతుంటే మా అమ్మ ఫోన్ చేసింది.

"ఏటి సేత్తన్నావ్?"

"వంట. ఏమ్మా?"

"పిల్ల పెద్దమనిసయ్యింది. నీకు సెప్పిందా?"

పిల్ల పక్క గదిలోనే ఉంది. మధ్యలో ఒక తలుపు, అదీ తెరిచే ఉంది.

"నీకు సెప్పమన్నానే. నువ్వేటీ అనుకోకు" అంది అమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "అప్పుడు గుంట ఏడుత్తంటే సూడలేక దగ్గరికి తీసుకున్నాను. మరీ దగ్గరికి తీసీసుకున్నానేటో, నాకూ అనిపిత్తాది అప్పుడప్పుడూ" అంది.

"అలా అనకమ్మా. నువ్వు లేకపోతే అది ఏమైపోయేది?"

ఫోను పెట్టేసి చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళాను. మంచం అంచున కూర్చుని ఉంది.

"నాకు చెప్పలేదేం తల్లీ?"

"నువ్వు వంట చేస్తున్నావు కదమ్మా. తమ్ముడికి జ్వరం కూడా ఉంది. తర్వాత చెబుదామని" అంది. అబద్ధం కాదు. నిజంగానే నన్ను ఇబ్బంది పెట్టకూడదనుకుంది.

పక్కన కూర్చుని, చెప్పాల్సినవి చెప్పబోయాను. చాలావరకు దానికి తెలుసు. బళ్ళో టీచర్ చెప్పింది, మిగిలింది అమ్మమ్మ చెప్పింది. పొత్తికడుపు నొప్పిగా ఉందా అంటే కొంచెం అంది. వేడినీళ్ళ సంచి తెచ్చిచ్చాను. "థాంక్స్ అమ్మా" అంది.

ఎన్నేళ్ళుగానో నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట అప్పుడు అడిగేశాను. "నీ చిన్నప్పుడు, నేను ఆస్పత్రిలో ఉండిపోయినప్పుడు, నామీద కోపం వచ్చిందా?"

నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. "కోపం ఏం లేదమ్మా. నువ్వు రావేమో అనుకున్నాను. అంతే."

"వచ్చాను కదా."

"అవును, వచ్చావు" అంది. ఏడ్చే చిన్నపిల్లను ఊరుకోబెట్టేటప్పుడు పెద్దవాళ్ళు అనే తీరులో అంది. నా చెయ్యి మీద చెయ్యి కూడా వేసింది.

మర్నాడు మొదటి బస్సుకే మా అమ్మ నువ్వుల చిమ్మిలి ఉండలు పట్టుకుని దిగింది. తనే తలంటి పోసింది. జుట్టు ఆరాక పిల్ల అలవాటుగా అమ్మమ్మ ముందు పీట వాల్చుకుని కూర్చుంది. అమ్మ దువ్వెన చేతిలోకి తీసుకుని, ఒకసారి నావైపు చూసింది.

"నా సేతులు పట్టీసినాయి. మీ అమ్మ జడ ఏత్తాది" అంది.

పిల్ల ఒక్క క్షణం ఆగి, పీట నావైపు జరుపుకుంది. ఆ జుట్టు ఎంత ఒత్తుగా ఉందో, చిక్కులు ఎక్కడ పడతాయో నాకు సరిగ్గా తెలియదు. మెల్లగా పాయలు తీశాను. దువ్వెన ఒకచోట గట్టిగా తగిలింది. మెడ బిగించి కూర్చుంది గానీ అమ్మా అనలేదు.

"నొప్పి పుడితే చెప్పవే" అన్నాను.

"లేదమ్మా. బాగానే ఉంది."

దువ్వెన పక్కన పెట్టి, చిక్కు వేళ్ళతోనే విప్పడం మొదలుపెట్టాను.